చేబదులు అనే దురాచారం

వీరేశలింగం పంతులు గారు 1881లో రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించారని బడికెళ్లే పిల్లలు కూడా చెబుతారు. కానీ తరతరాలుగా మన ఇరుగుపొరుగును పట్టి పీడిస్తున్న మరో దురాచారాన్ని మన కళ్లముందే రూపుమాపుతున్న మహానుభావులకు ఇంతవరకూ ఒక్క శాలువా కప్పిన పాపాన పోలేదు. ఆ దురాచారం పేరు చేబదులు. రూపుమాపుతున్నది వీడియో గేమ్ కంపెనీలు.

ఈ జబ్బు ఒకప్పుడు ఎంత ముదిరి ఉండేదో తెలియాలంటే 1996 ఎండాకాలం సెలవుల్లో నల్గొండలో మా వీధికి వచ్చి ఉండాల్సింది. వీధి మొత్తానికి వీడియో గేమ్ పెట్టెలు మూడు, కేసెట్లు పదకొండు, పిల్లలం ముప్పై మందిమి. పసుపురంగు ప్లాస్టిక్ కేసెట్ మీద 9999 ఇన్ 1 అని రాసి ఉండేది. లోపల ఉన్నవి పదో పన్నెండో, మిగతావన్నీ అవే పేర్లు మార్చుకుని మళ్లీ మళ్లీ వచ్చేవి. మోసమే, కాదనను. పెట్టగానే తెరంతా బూడిదరంగు గళ్లు వస్తే కేసెట్ బయటికి లాగి, అడుగున ఉఫ్ అని ఊది, చొక్కాకు తుడిచి మళ్లీ గుచ్చాలి. అలా ఊదితే నోటి తడికి లోపలి రేకులు పాడవుతాయని పెద్దయ్యాక చదివాను. అప్పట్లో మాత్రం అదే మా వీధికి తెలిసిన ఏకైక రిపేరు.

సోమవారం మా ఇంట్లో ఉన్న కేసెట్ బుధవారానికి పోస్టాఫీసు వెనక సందులో తేలేది. పట్టా, పహాణీ అన్నీ దాని వెనక బాల్‌పెన్నుతో గీకిన రెండు పొడి అక్షరాలే. పదకొండు కేసెట్లతో ముప్పై మంది ఆడారంటే పంతొమ్మిది మంది కొనకుండానే ఆడినట్టు. కంపెనీ లెక్కల్లో దీన్ని నష్టం అంటారు. ఆ కేసెట్లన్నీ కాపీవే కాబట్టి అసలు కంపెనీకి అప్పటికే ఒక్క పైసా ముట్టలేదన్నది వేరే విషయం. నష్టం నష్టమే.

సంస్కరణకు తొలి ప్రయత్నం 2013లో మైక్రోసాఫ్ట్ చేసింది. ఎక్స్‌బాక్స్ వన్ అనే గేమ్ పెట్టె తెస్తూ ఎంతో ఓపిగ్గా నియమావళి రాసుకొచ్చింది. డిస్కు గేమ్‌ను స్నేహితుడికి ఇచ్చేయాలంటే అతను మీ స్నేహితుల జాబితాలో కనీసం 30 రోజులుగా ఉండాలి. అలా ఇవ్వడం కూడా ఒక్కో గేమ్‌కు ఒక్కసారే. పెట్టె రోజుకోసారి ఇంటర్నెట్‌లో హాజరు వేయించుకోవాలి. మన పెళ్లి సంబంధాల్లో కూడా ఇంత విచారణ ఉండదు. కానీ ప్రజలు అజ్ఞానులు, గోల చేశారు. అదే సమయంలో సోనీ వాళ్లు 'ప్లేస్టేషన్ 4లో గేమ్ ఎలా పంచుకోవాలి' అంటూ 22 సెకన్ల వీడియో వదిలారు. అందులో ఒకాయన గేమ్ డబ్బా చేతికిస్తాడు, ఇంకొకాయన థాంక్స్ అంటాడు. అంతే. లోకం చప్పట్లు కొట్టింది. నెల తిరక్కముందే మైక్రోసాఫ్ట్ తోక ముడిచింది.

ఆ చప్పట్లు కొట్టించుకున్న సోనీయే 2024 నవంబరులో ప్లేస్టేషన్ 5 ప్రో తెచ్చింది. వచ్చినప్పుడు 700 డాలర్ల పెట్టె, డిస్కు పెట్టుకోవడానికి చోటు మాత్రం లేదు. కావాలంటే డిస్కు డ్రైవు విడిగా కొనుక్కోవాలి, అప్పట్లో దానికి మరో 80 డాలర్లు. ఇల్లు కట్టించి ఇచ్చి, గుమ్మం కావాలంటే వేరే ఖర్చు అన్నట్టు. చేతికిస్తే థాంక్స్ చెప్పే ఆ వీడియో ఇప్పుడు చూస్తుంటే ఎవరో ముత్తాతగారి ఫొటో చూసినట్టుంటుంది.

సంస్కరణ ఫలాలు సామాన్యుడి గడప దాకా వచ్చాయనడానికి నేనే సాక్షిని. మొన్న వేసవిలో హైదరాబాద్‌లో మా అక్క వాళ్లింటికి వెళ్లాను. మేనల్లుడు ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకున్నందుకు బావ దాదాపు ఐదు వేలు పోసి గేమ్ కొనిపెట్టాడు. డబ్బా అందంగా ఉంది. తెరిస్తే డిస్కు ఉండాల్సిన గుండ్రటి గుంటలో లాటరీ టికెట్టంత చీటీ, చీటీ మీద గీకితే పన్నెండు అక్షరాలు. వాటిని టైపు చేశాక 130 జీబీ దిగడం మొదలైంది. మగపెళ్లివారి బస్సు ఎంతవరకు వచ్చిందో కనుక్కున్నట్టు మా అక్క వంటింట్లోంచి గంటకోసారి "ఎంత శాతమైందిరా?" అని అడిగేది. మొదటి రాత్రి 41 దగ్గర కరెంటు పోయింది. రెండో రోజు నెట్ ప్యాకేజీ అయిపోయి, స్పీడు తగ్గి, శాతం పెరుగుతోందో తరుగుతోందో తెలియలేదు. మూడో రోజు మధ్యాహ్నం మొత్తానికి బస్సు దిగింది.

సాయంత్రం పక్క ఫ్లాటు పిల్లాడు వచ్చాడు. చేతిలో వాళ్లమ్మ పంపిన పులిహోర గిన్నె.

"అన్నా, ఆ గేమ్ డిస్కు జర రెండు రోజులు ఇయ్యవా?"

"డిస్కు లేదురా. డౌన్‌లోడే."

పిల్లాడు ఒక్క క్షణం ఆలోచించాడు. "అయితే అదే ఇయ్యి."

మా మేనల్లుడు నావైపు చూశాడు. ఇవ్వాలని వాడికి ఉంది. ఇవ్వడానికి వాడి చేతిలో ఏదీ లేదు. పిల్లాడు ఖాళీ డబ్బా అటూ ఇటూ తిప్పి చూసి, అట్ట మీది బొమ్మలు కాసేపు చదువుకుని వెళ్లిపోయాడు. గిన్నె మాత్రం ఉంది. దాన్ని ఖాళీగా తిరిగి పంపకూడదని మా అక్క ఇప్పటికీ నమ్ముతుంది కాబట్టి రెండు రోజుల తర్వాత అందులో సున్నుండలు వెళ్లాయి. గిన్నెల కంపెనీలు ఇంకా మేలుకోలేదు.

కంపెనీలకు దయ లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఇంటర్నెట్‌లో కంప్యూటర్ గేమ్‌లు అమ్మే స్టీమ్ వాళ్లు మన ఉమ్మడి కుటుంబాన్ని ఏకంగా నియమాల్లోకి ఎక్కించారు. ఆరుగురు దాకా ఒక కుటుంబంగా చేరి గేమ్‌లు పంచుకోవచ్చు. పెద్దవాళ్లెవరైనా వేరుపడితే, చేరిన రోజు నుంచి ఏడాది నిండేదాకా ఇంకో కుటుంబంలో చేరడానికి లేదు. మీ తమ్ముడు మీ గేమ్‌లో దొంగాట ఆడి దొరికితే ఆ గేమ్‌లో మీ మీద కూడా నిషేధం పడొచ్చు. మా తాతగారి హయాంలో కూడా తమ్ముడు చేసిన తప్పుకు అన్నకే బెత్తం దెబ్బలు పడేవి. నింటెండో అయితే 2025లో చేబదులుకే చట్టబద్ధత ఇచ్చింది. డౌన్‌లోడ్ చేసిన గేమ్‌ను కుటుంబ బృందంలోని వాళ్లకు 14 రోజులు అరువివ్వొచ్చు. అదీ రెండు పెట్టెలూ ఒకచోట పెట్టి ఇవ్వాలి. గడువు తీరగానే గేమ్ తనంతట తనే యజమాని ఇంటికి నడిచొస్తుంది. మొహమాటం లేదు, "మీవాడు మా కేసెట్ తెచ్చాడు వదినా" అని గోడ మీంచి అరవాల్సిన పని లేదు.

ఆ నింటెండోయే స్విచ్ 2 అనే కొత్త పెట్టెతో గేమ్ కీ కార్డు అనే వింతను కూడా తెచ్చింది. కార్డులో గేమ్ ఉండదు, గేమ్‌ను డౌన్‌లోడ్ చేసుకునే తాళంచెవి ఉంటుంది. కార్డును ఎవరికైనా ఇవ్వొచ్చు, అమ్మొచ్చు కూడా. ఇది సంస్కరణలో మిగిలిపోయిన లొసుగు అని నా అభిప్రాయం. పై వాళ్ల దృష్టికి తీసుకెళ్తున్నాను.

ఇక గేమ్‌లు తయారుచేసే యూబీసాఫ్ట్ విషయానికి వస్తే, వీళ్లు కొనుక్కున్నవాడినే కొనుక్కున్న వస్తువు నుంచి విముక్తుణ్ని చేశారు. 2024 జనవరిలో, చందాల విభాగం చూసే ఫిలిప్ ట్రెంబ్లే ఒక ఇంటర్వ్యూలో, గేమ్ తమ సొంతం కాకపోవడానికి ఆటగాళ్లు అలవాటు పడాలన్న అర్థంలో మాట్లాడారు. జనవరిలో ఉపదేశం, మార్చిలో ప్రయోగం. 2014లో విడుదలైన ది క్రూ అనే కార్ల గేమ్ సర్వర్లను మార్చి 31న ఆపేశారు. ఒంటరిగా ఆడాలన్నా సర్వర్ కావాల్సిన గేమ్ అది. అందుకే డిస్కు దాచుకుని మీసం మెలేసినవాళ్లు కూడా తప్పించుకోలేదు. వాళ్ల డిస్కు ఇప్పుడు టీ గ్లాసు కింద పెట్టుకోవడానికి పనికొస్తుంది. ఆ తర్వాత కొన్నవాళ్ల ఖాతాల్లోంచి లైసెన్సులు కూడా తీసేశారు. పొలం కౌలుకిచ్చిన ఆసామి కూడా కోతలయ్యేదాకా ఆగుతాడు.

అన్నట్టు, తేడా అంతా ఆ కౌలు దగ్గరే ఉంది. బోర్డు మీద క్రయం అని ఉంటుంది, కాగితం మీద కౌలు అని ఉంటుంది, కాగితం ఎవరూ చదవరు. కాలిఫోర్నియా ప్రభుత్వానికి ఇది నచ్చలేదు. అమ్మేది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా 'కొనండి' అనే మాట వాడకూడదని 2025 జనవరి 1 నుంచి చట్టం పెట్టింది. ఒక్క మాట కోసం ఇంత రాద్ధాంతం. యూరప్‌లోనైతే రాస్ స్కాట్ అనే యూట్యూబర్ మొదలుపెట్టిన ఉద్యమానికి పది లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. వాళ్లడిగేదల్లా, సర్వర్ ఆపేసి వెళ్లేటప్పుడు గేమ్ ఆడుకునే దారి ఏదో ఒకటి వదిలి వెళ్లమని. పోలండ్‌లో పుట్టిన జీఓజీ అనే కొట్టు ఇంకా ఘోరం. గేమ్ ఇన్‌స్టాల్ చేసుకునే ఫైలునే డబ్బిచ్చినవాడి చేతిలో పెట్టేస్తుంది. కులం చెడగొట్టేవాళ్లు ప్రతి సంస్కరణలోనూ ఉంటారు.

నిజం చెప్పొద్దూ, డౌన్‌లోడ్ వల్ల మాలాంటి ఊళ్లకు మేలే జరిగింది. నా చిన్నప్పుడు నల్గొండలో ఒరిజినల్ గేమ్ అమ్మే కొట్టు ఒక్కటి కూడా నాకు కనబడలేదు. కాలేజీ రోజుల్లో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌కు బస్సెక్కి వెళ్లి తెచ్చుకున్న సీడీలన్నీ మార్కర్ పెన్నుతో పేరు రాసినవే. ఇవాళ మా ఊరి కుర్రాడు సేల్ చూసుకుని మూడొందలకు అసలు సిసలు గేమ్ దించుకుంటున్నాడు. దాన్ని తమ్ముడి పేర రాసిపోదామంటే మాత్రం కుదరదు. ఖాతాను వీలునామా ద్వారా ఇంకొకరికి బదలాయించడానికి లేదని స్టీమ్ వాళ్లు ఒక వినియోగదారుడికి జవాబిచ్చారు. అన్నదమ్ములు కోర్టులకెక్కే బాధ కూడా తప్పింది.

ఇంత రాశాక నా వైపు తప్పు దాచడం భావ్యం కాదు. మా ఇంటి అటక మీద పాత ట్రంకు పెట్టెలో ఓ పసుపు కేసెట్ ఉంది. వెనకాల బాల్‌పెన్నుతో ఎస్.ఆర్. అని ఉంటుంది. నా పొడి అక్షరాలు అవి కావు. శీనుగాడివి. 1996లో రెండు రోజులని తెచ్చాను. దురాచారాన్ని ఖండిస్తూ వ్యాసం రాసేవాడు ముందు తన ఇల్లు శుభ్రం చేసుకోవాలి కదా అని పోయిన నెల వాడికి ఫోన్ చేసి, కొరియర్‌లో పంపిస్తానన్నాను.

"నడుస్తోందా అది?" అన్నాడు.

"ఊదితే నడుస్తది."

"అయితే నీ కాడనే ఉంచు. సెలవులల్ల మావోడు వస్తడు, రెండు రోజులు ఆడుకోనియ్యి. మళ్ల తీసుకుందువు."