గేటు దగ్గర ఇంజిన్ ఆపడం మనకి కొత్తా?

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి, సాయంత్రం ఆరున్నర. మా అన్నయ్య కొత్తగా కొన్న పెద్ద డీజిల్ ఎస్‌యూవీలో ముందు సీట్లో కూర్చున్నాను. నడుపుతున్నాయన సాలూరు లారీల మీద ఇరవై ఏళ్లు తిరిగిన మనిషి. ఎడమ పక్క నుంచి ఒక ఆటో అడ్డంగా దూరింది. ఆయన బ్రేక్ నొక్కాడు. బండి ఆగింది, దాంతోపాటు ఇంజినూ ఆగింది. ‘‘ఏటైనాది బాబూ, బండి ఆగిపోనాది!’’ అంటూ గభాల్న స్టార్ట్ బటన్ నొక్కేశాడు. అప్పటికి ఇంజిన్ మాత్రమే ఆగింది. ఆ బటన్‌తో మొత్తం బండే ఆఫ్ అయిపోయింది. మళ్లీ గేరు పార్కింగ్‌లో పెట్టి, బ్రేక్ తొక్కి, బటన్ నొక్కి బయల్దేరేసరికి వెనక హారన్ల మోత. పక్కన స్కూటీ మీదున్న కుర్రాడు కిటికీలోంచి తొంగి చూసి నవ్వాడు. ఇరవై లక్షలు దాటిన బండి, ఇరవై ఏళ్ల అనుభవం, రెండూ ఒకేసారి పరువు పోగొట్టుకున్నాయి.

బండి నిలబడగానే ఇంజిన్ తనే ఆగి, కదలబోతే తనే లేచే ఈ ఏర్పాటుని ‘స్టాప్ స్టార్ట్’ అంటారు, ఒక్కో కంపెనీలో ఒక్కో పేరుంది. హ్యుందాయ్ వాళ్లు ‘ఐడిల్ స్టాప్ అండ్ గో’ అంటారు. స్కార్పియో, బొలెరోల్లో మహీంద్రా ‘మైక్రో హైబ్రిడ్’ పేరుతో పదిహేనేళ్ల కిందటే తెచ్చింది. ఆలోచన ఇంకా పాతది. 1970లలో టయోటా, 1980లలో ఫోక్స్‌వ్యాగన్ దీన్ని ప్రయత్నించి చూశాయి. లెక్క కూడా తప్పు కాదు. పది సెకన్ల కంటే ఎక్కువ సేపు ఆగాల్సి వస్తే, ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తేనే ఇంధనం తక్కువ ఖర్చవుతుందని అమెరికా ఇంధన శాఖ ఏళ్లుగా చెబుతోంది. 2020 అక్టోబరులో ఢిల్లీ ప్రభుత్వం ‘రెడ్ లైట్ ఆన్, గాడీ ఆఫ్’ అని ప్రచారం చేసింది కూడా ఇందుకే.

అయినా ఢిల్లీ వాళ్లు చెప్పాలా? రైలు గేటు పడితే ఇంజిన్ ఆపేసి, కిందికి దిగి, ఒళ్లు విరుచుకోవడం మన డ్రైవర్లకి పుట్టుకతో వచ్చిన అలవాటు. గూడ్సు వెళ్లాక ఇంకో రైలుందని గేటు తియ్యకపోతే వేరుశనక్కాయల పొట్లం కూడా అయిపోతుంది. కాబట్టి ఇంజిన్ ఆగడం మీద మనవాళ్లకి కోపమేమీ లేదు. కొత్త పెద్ద బండ్లు నడిపే ముగ్గురు నలుగురితో మాట్లాడాక నాకు అర్థమైంది ఇదీ: ఎప్పుడు ఆగుతుందో, ఎప్పుడు ఆగదో తెలియకపోవడమే వాళ్ల టెన్షన్.

తెలియకపోవడానికి కారణముంది. ఇంజిన్ ఆపాలా వద్దా అన్నది కంప్యూటర్ చాలా సంగతులు చూసుకుని నిర్ణయిస్తుంది. ఇంజిన్ తగినంత వేడెక్కాలి. బ్యాటరీలో చార్జింగ్ సరిపడా ఉండాలి. సీట్ బెల్ట్ పెట్టుకుని ఉండాలి, తలుపులు, బానెట్ మూసి ఉండాలి. స్టీరింగ్ బాగా తిప్పి ఉంటే, రోడ్డు బాగా ఏటవాలుగా ఉంటే చాలా బండ్లు ఇంజిన్ ఆపవు. ఇవన్నీ మంచికే. కానీ డ్రైవర్ వైపు నుంచి చూడండి. పొద్దున్న పిల్లల్ని స్కూల్లో దింపడానికి రెండు కిలోమీటర్లు వెళ్తే ఒక్కసారీ ఆగదు. అంత చిన్న ప్రయాణంలో ఇంజినూ వేడెక్కదు, బ్యాటరీ కూడా నిండదు. అదే బండి మధ్యాహ్నం నరసన్నపేట నుంచి హైవే మీద వచ్చి డే అండ్ నైట్ జంక్షన్‌లో ఆగితే టక్కున ఆగిపోతుంది. మనిషి చెయ్యికి, కాలికి అలవాటు పడాలంటే అవతలిది ఒకేలా ప్రవర్తించాలి. ఇది అలా ప్రవర్తించదు.

పైగా మన ఊళ్లలో ట్రాఫిక్ సిగ్నల్ మీద తక్కువ, సందు మీద ఎక్కువ నడుస్తుంది. ఆదివారం అరసవల్లి రోడ్డులో గానీ, సాయంత్రం పూట విజయనగరం గంటస్తంభం దగ్గర గానీ రెండు నిమిషాల రెడ్ లైట్ ఉండదు. మూడు సెకన్లు ఆగడం, సందు దొరికితే దూరడం, మళ్లీ నాలుగు సెకన్లు ఆగడం. పది సెకన్ల లెక్క ఇక్కడ ఎక్కడా కుదరదు. బ్రేక్ వదిలాక ఇంజిన్ లేచి బండి కదలడానికి సెకను లోపే పడుతుంది, నిజమే. కానీ ఆ సెకను లోపే మన సందులోకి ఇంకో బైకు వచ్చేస్తుంది. కుడివైపు తిరగబోతూ సగంలో ఆగినప్పుడు ఇంజిన్ కూడా ఆగితే, ఎదురుగా బస్సు వస్తుంటే, ఆ తడబాటు ఎంత చిన్నదైనా గుండె గుబేల్మంటుంది.

దీన్ని తప్పించుకోవడానికి జనం కనిపెట్టిన చిట్కాలు ఇంకో కథ. ఆటోమేటిక్ బండ్లలో బ్రేక్ సగమే తొక్కితే ఇంజిన్ ఆగకుండా ఉంటుందని చాలామంది పట్టేశారు. మాన్యువల్ బండ్లలో న్యూట్రల్ చేసి క్లచ్ వదిలితేనే ఆగుతుంది. కాబట్టి గేరులోనే ఉంచి, క్లచ్ తొక్కిపట్టి నిలబడుతున్నారు. అంటే చుక్క డీజిల్ మిగల్చడానికి పెట్టిన ఏర్పాటు క్లచ్ బేరింగుని తినేస్తోంది. ఇది డ్రైవర్ల తప్పే, కాదనను. కానీ నలుగురూ ఒకే తప్పు చేస్తున్నారంటే తయారీదారుడు కాస్త ఆలోచించాలి.

ఇక మే నెల సంగతి. సముద్రం పక్క ఉక్కపోత ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. మామూలు బండ్లలో ఏసీ కంప్రెసర్ ఇంజిన్ బెల్టుతో తిరుగుతుంది. ఇంజిన్ ఆగితే కంప్రెసర్ ఆగుతుంది, ఫ్యాను ఒక్కటే తిరుగుతుంది. అర నిమిషానికి చల్లదనం పోయి తడి గుడ్డ వాసన మొదలవుతుంది. లోపల వేడి పెరిగిందని గ్రహించి బండి తనంతట తనే మళ్లీ స్టార్ట్ అవుతుంది. వెనక సీట్లో నిద్రపోతున్న పసిపిల్ల ఉలిక్కిపడి లేస్తుంది.

డ్రైవర్లు చెప్పే భయాలన్నీ నిజమని నేననను. ‘‘రోజుకి యాభై సార్లు స్టార్ట్ అయితే సెల్ఫ్ మోటారు కాలిపోదా?’’ అని అందరూ అడుగుతారు. ఈ బండ్లలో మోటారు, దాని పళ్లు, బేరింగులు ఆ వాడకానికి తగ్గట్టే గట్టిగా చేస్తారు. ‘‘ఘాట్‌లో బ్రేకులు పట్టవేమో’’ అన్నది ఇంకా పెద్ద భయం. దీని వెనక అనుభవం ఉంది. డీజిల్ మిగులుతుందని ఇంజిన్ ఆపేసి దిగుడులో బండి వదిలేస్తే ఏమవుతుందో సాలూరు నుంచి సుంకి మీదుగా కోరాపుట్ వెళ్లే జాతీయ రహదారి 26 మీద తిరిగినవాళ్లకి బాగా తెలుసు. కానీ ఇక్కడ ఇంజిన్ ఆగేది బండి నిలబడ్డప్పుడో, కొన్ని బండ్లలో నిలబడబోతూ బాగా నెమ్మదించినప్పుడో. కాలి బలాన్ని పెంచే బ్రేక్ బూస్టర్‌లో వాక్యూమ్ తగ్గుతుంటే ఇంజిన్ తనే లేస్తుంది. ఆ మాట డీలర్ చెప్పాలి. బండి ఇచ్చే రోజు పూలదండ వేసి ఫొటో తీశారు గానీ ఈ ముక్క ఎవరూ చెప్పలేదు.

టర్బో (ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపే చక్రం) సంగతి మాత్రం మా బండి నడిపే పెద్దాయన గట్టిగా పట్టుకున్నాడు. ‘‘వంద మీద లాక్కొచ్చి ఎంటనే ఆపేత్తే టర్బో ఏటవుద్ది?’’ మడపాం టోల్ గేటు దగ్గర ఆయన ప్రశ్న ఇది. ఎక్కువ దూరం వేగంగా నడిపాక ఆపే ముందు కాసేపు ఇంజిన్‌ని ఉత్తినే తిరగనివ్వమని బండి పుస్తకాలే చెబుతాయి. అదే బండి అదే చోట తనే ఆగిపోతే మనిషికి అనుమానం రాదా? ఉష్ణోగ్రత మరీ ఎక్కువుంటే కంప్యూటర్ ఆపనివ్వదన్నది జవాబు. ఫాస్టాగ్ పుణ్యమా అని టోల్ దగ్గర ఆగేదే తక్కువ గనక ఆయన అంతటితో ఊరుకున్నాడు.

అసలు ఖర్చు బ్యాటరీ దగ్గరుంది. రోజూ ఇన్నిసార్లు స్టార్ట్ చెయ్యాలంటే మామూలు బ్యాటరీ పనికిరాదు. ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం రకం కావాలి, రెండూ ఖరీదే. మూడు నాలుగేళ్లకి అది పోయాక ఊళ్లో షాపుకెళ్తే ‘‘ఇదీ పన్నెండు వోల్టులే కదండీ’’ అని మామూలుది బిగించేస్తారు. కొన్నాళ్లకే అది చతికిలబడుతుంది.

చేతివేళ్ల మీద ఒక లెక్క వేశాను. పెద్ద డీజిల్ ఇంజిన్ నిలబడి తిరిగితే గంటకి ముప్పావు నుంచి లీటరు దాకా తాగుతుందనుకుందాం. మా ఊళ్లో రోజుకి పది నిమిషాలు నిలబడతాం. అన్నిసార్లూ ఆగితే రోజుకి పదిహేను రూపాయలు మిగులుతాయి. కానీ చిన్న ఆగుళ్లు, ఏసీ, చల్లటి ఇంజిన్ తీసేస్తే అందులో మూడో వంతు మిగలడం గొప్ప. రోజుకి ఐదు రూపాయలు, టీ కూడా రాదు. నాలుగేళ్లకి కూడబెట్టిన ఆ టీ డబ్బుల్లో పెద్ద వాటా బ్యాటరీ ధరలో తేడాకే పోతుంది. హైదరాబాద్‌లోనో విశాఖలోనో సిగ్నళ్ల మధ్య బతికేవాళ్లకి లెక్క వేరు, వాళ్లకి లాభమే.

మరి ఎవరి కోసం ఇది? కొంత గాలి కోసమే, ఒప్పుకుంటాను. కానీ చాలావరకు కాగితం కోసం. మన దేశంలో 2017-18 నుంచి కెఫె (కార్పొరేట్ సగటు ఇంధన సామర్థ్యం) నిబంధనలున్నాయి. కంపెనీ ఏడాదిలో అమ్మిన కార్లన్నిటి సగటు కర్బన ఉద్గారం ఒక పరిమితి దాటకూడదు. 2022-23 నుంచి ఆ పరిమితి కిలోమీటరుకి 113 గ్రాములు, బండ్ల బరువుని బట్టి కాస్త అటూ ఇటూ. పెద్ద ఎస్‌యూవీలు అమ్మేకొద్దీ సగటు పెరుగుతుంది గనక ప్రతి గ్రాము విలువైనదే. స్టాప్ స్టార్ట్ ఉన్న బండికి ఆ లెక్కలో రాయితీ కూడా ఉంది. ఇక మైలేజీ పరీక్ష ల్యాబులో రోలర్ల మీద, ఏసీ ఆపి జరుగుతుంది. ఆ పరీక్షలో దాదాపు పావు వంతు సమయం బండి నిలబడే ఉంటుంది. అంటే ఈ ఏర్పాటు పరీక్షకి సరిగ్గా అతికినట్టుంటుంది, ఏడు రోడ్ల కూడలికి అతకదు.

బటన్ రహస్యం కూడా ఇక్కడే ఉంది. డ్యాష్‌బోర్డు మీద ‘ఏ’ అక్షరం చుట్టూ బాణం తిరిగిన బొమ్మ, దాన్ని నొక్కితే ఏర్పాటు ఆగుతుంది. కానీ చాలా బండ్లలో, ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేస్తే మొదటికొస్తుంది. మీ సీటు ఎంత ముందుకుండాలో, ఏ ఎఫ్ఎం స్టేషన్ వింటారో గుర్తుపెట్టుకునే బండి ఈ ఒక్కటే మర్చిపోతుంది. పరీక్షలో చూపించిన స్థితిలోనే బండి రోజూ మొదలవ్వాలి గనక కావాలనే మర్చిపోతుంది.

అమెరికాలో ఈ చిరాకు రాజకీయమే అయ్యింది. 2021లో చిప్‌ల కొరత వచ్చినప్పుడు జనరల్ మోటార్స్ తన భారీ ఎస్‌యూవీలు కొన్నిటిని ఈ ఏర్పాటు లేకుండా అమ్మి, కొన్నవాళ్లకి 50 డాలర్లు తగ్గించింది. తీసేస్తే ఎదురు డబ్బు ఇచ్చి మరీ సంతోషించేవాళ్లు అక్కడ బోలెడుమంది. 2022లో హోండా పైలట్ ఎస్‌యూవీలు ఇలా ఆగాక తిరిగి లేవడం లేదన్న ఫిర్యాదుల మీద అక్కడి రహదారి భద్రతా సంస్థ విచారణ మొదలుపెట్టింది. 2025 మేలో పర్యావరణ సంస్థ అధిపతి లీ జెల్డిన్ ఇది అందరికీ చిరాకేనని, దీని సంగతి చూస్తామని బాహాటంగానే వెటకారం చేశారు. ఆ వెటకారం నాకు నచ్చలేదు. నిలబడ్డ బండి పొగ వదలకపోవడం మంచిదే. స్కూలు గేటు ముందు ఏసీ కోసం అరగంట ఇంజిన్ తిప్పే కార్ల పక్కన నిలబడ్డవాడికి ఆ సంగతి తెలుస్తుంది.

నాకు కావాల్సింది తీసేయడం కాదు. బటన్ నా మాట గుర్తుపెట్టుకోవాలి. కుదరదంటే, ఇంజిన్ ఎందుకు ఆగిందో, ఎందుకు ఆగలేదో తెరమీద ఒక్క ముక్క తెలుగులో చూపించాలి. బ్యాటరీ రకం, ధర కొనేరోజే చెప్పాలి. ఈలోగా బటన్‌కి జ్ఞాపకం పెట్టిస్తామంటూ చిన్న పరికరాలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. వైరింగ్‌లో బయటివాడు చెయ్యి పెడితే వారంటీ ఏమవుతుందో కొన్నాక తెలుసుకుని లాభం లేదు.

పోయిన వారం అదే బండిలో వెళ్తుంటే రైలు గేటు పడింది. ఎండ మండుతోంది, ఏసీ నిండుగా ఉంది. ఇంజిన్ ఆగుతుందేమోనని చూశాం. ఆగలేదు. ఏసీకి చల్లదనం చాలడం లేదని కంప్యూటర్ అనుకున్నట్టుంది. రెండు నిమిషాలు చూసి, పెద్దాయన తనే బటన్ నొక్కి ఆపేశాడు. అద్దాలు దించాడు. దిగి చింతచెట్టు నీడలోకి వెళ్లి, వేరుశనక్కాయలవాణ్ణి కేకేశాడు.