ఎర్ర లైటు దొరవారికి

మహారాజశ్రీ మూడు కిలోవాట్ల సోలార్ ఇన్వర్టరు గారి సముఖానికి, బరంపురం నుంచి మీ యజమాని అనిపించుకుంటున్న సేవకుడు నమస్కరించి రాయునది. ఉభయ కుశలోపరి అని మొదలెడదామంటే, మీ కుశలం ఇవాళ కూడా పన్నెండుంబావుకే ఫోన్లోకి వచ్చేసింది: 'గ్రిడ్ ఓవర్ వోల్టేజ్'.

సాయంత్రం ఆరున్నరకి 'ప్యానెల్ వోల్టేజ్ తక్కువ' అని మీరు కబురంపితే ఏమీ అనుకోలేదు. పొద్దుగూకిందని చెప్పే పెద్దదిక్కు ఇంట్లో ఒకరుండాలి. వాన వెలిసిన పొద్దున 'ఐసొలేషన్ ఫాల్ట్' అంటే, తీగల జాయింట్లలో చెమ్మ చేరిందేమో, ఎండెక్కితే సర్దుకుంటారులే అని ఊరుకున్నాను. కరెంటు పోగానే మీరూ పడుకుంటే, "సోలారుంది కదండీ, మీకూ పోయిందేటి?" అని పక్కింటావిడ గోడ మీంచి అడిగింది. స్తంభమెక్కిన లైన్‌మేన్‌కి షాక్ కొట్టకూడదనేనమ్మా అని మిమ్మల్నే వెనకేసుకొచ్చాను.

కానీ మే నెల మిట్టమధ్యాహ్నం ఏం రోగమండీ తమరికి?

లైన్లో ఉండాల్సింది 230 వోల్టులు. పది శాతం పైకి ఓర్చుకుంటారు, అంటే 253. మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కింద ఇప్పుడు ఆరు మేడల మీద ప్యానెళ్ళు. 78,000 సబ్సిడీ అనేసరికి అందరికీ ఒక్కసారే జ్ఞానోదయమైంది. మధ్యాహ్నం అందరూ తీగలోకి కరెంటు తోసేవాళ్ళే, వాడేవాళ్ళు లేరు. వోల్టేజ్ పొంగుతుంది. 254 కనపడగానే తమరు ఎర్ర లైటేసుకుని అలిగి పడుకుంటారు. అరవై సెకన్లు లెక్కపెట్టుకుని లేస్తారు, మళ్ళీ 254, మళ్ళీ అలక. నిన్న ఒక్క పూటలో పదకొండుసార్లు. ఎండ ఎంత బాగా కాస్తే అంత ఎక్కువసేపు పడక! పెళ్ళిభోజనాల వేళకి ఉపవాసం పట్టే వంటవాడు మీకన్నా నయం.

మిమ్మల్ని బిగించిన కుర్రాడు నిన్న ఫోన్లో "కాలి ఆసిబి" అన్నాడు. ఒడియాలో కాలి అంటే నిన్న, రేపు రెండూను. ఆసిబి అన్నాడు కదా, రేపేనని నమ్మి ఈ ఆదివారమంతా గుమ్మంలో కూర్చున్నాను. నాలుగింటికి ఫోన్: "లైన్ ప్రాబ్లం ఆగ్యా, కరెంటాఫీసుని అడగండి." వాళ్ళకి మొన్ననే చెప్పాను. "మీటరు దాకే మాది, ఇన్వర్టరు మీది" అన్నారు. తెలుగులో మాత్రం కాలి అంటే ఒకటే అర్థం. నీ మొహం చూడ్డానికి మేడెక్కి దిగి నా అరికాళ్ళు కాలి బొబ్బలెక్కాయి.

అసలు నీకు సిగ్గుందా? ఎండ కోసమే కదా నిన్ను అప్పు చేసి తెచ్చింది? ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వోల్టేజ్ సర్దే ట్యాప్ ఒక మెట్టు దించమని నేను దరఖాస్తు రాసుకోవాలా, నీ మొహానికి?

రాశాననుకో. అది కదిలేలోపు నీ జబ్బుకి మందు మా ఆవిడ కనిపెట్టింది. ఇంట్లోనే ఎక్కువ వాడేస్తే బయటికి తోసేది తగ్గుతుంది, నువ్వు చల్లబడతావు. అందుకని రోజూ పన్నెండింటికి నేను మేడ మీంచి "రెండొందల యాభై రెండూ!" అని కేకేస్తాను, కింద ఆవిడ గీజరు వేస్తుంది. బరంపురంలో, మే నెలలో, గీజరు! రెండొందల నలభై తొమ్మిది. పచ్చ లైటు.

బకెట్ల నిండా నీళ్ళు సలసల కాగుతున్నాయి. ఎవరూ స్నానానికి లేవట్లేదు. నువ్వైనా లేచి ఉండు నాయనా.

ఇట్లు,
చెప్పులేసుకుని మేడెక్కడం నేర్చుకున్నవాడు