నినాదాల గోడగారికి ఒక చెవి మాట

బీజింగ్ నినాదాల గోడగారికి,

అయ్యా, మీకు చెవులుంటాయని మా చిన్నప్పటి నుంచీ వింటున్నాం. అందుకే ఈ మాట మీ చెవినే వేస్తున్నాను. లియు బోలిన్ అనే ఒకాయన మీ ముందు నిలబడ్డాడు. చైనాలోని షాండాంగ్‌లో పుట్టిన శిల్పి. కాస్త జాగ్రత్త.

2005 నవంబరులో బీజింగ్‌లో సువోజియా అనే కళాకారుల పేటను కూల్చేశారు. ఈయన స్టూడియో కూడా అందులోనే పోయింది. ఇంకొకరైతే శాపనార్థాలు పెట్టేవారు. ఈయన మాత్రం ఆ శిథిలాల రంగులే ఒంటి నిండా పూయించుకుని, వాటి ముందు నిలబడి ఫొటో దిగాడు. ఇటుక ఏదో మనిషి ఏదో తెలిసి చావదు.

తర్వాత మీ వంతు వచ్చింది. ఆలోచనలన్నీ ఏకం చేసి చదువును పెంచాలని చెప్పే నినాదం ముందు నిలబడ్డాడు. సహాయకులు ఆ అక్షరాలను ఆయన మొహం మీదుగా, కోటు మీదుగా గీసుకుంటూ పోయారు. ఒక్కో ఫొటోకు ఒక్కోసారి పది గంటల దాకా పడుతుందట. ఉలకడు, పలకడు, ఒళ్లంతా సర్కారు మాటే! ఏ ప్రభుత్వానికైనా ఇంతకన్నా బుద్ధిమంతుడు దొరుకుతాడా? నాకైతే సన్మానం చేయాలనిపించింది.

తిరకాసంతా ఇక్కడే ఉంది. ఇన్నాళ్లూ మిమ్మల్ని ఎవరూ చదవలేదు, సైకిలు తొక్కుకుంటూ పోయారు. ఇప్పుడు దేశదేశాల వాళ్లు మనిషి కోసం మిమ్మల్ని అక్షరం అక్షరం గాలిస్తున్నారు. చివరికి ఓ బూటు దొరుకుతుంది. ఆ తర్వాత ఎంత చూసినా ఆయనే తప్ప మీరు కనబడరు.

ఆరుగురు కార్మికుల ఫొటో ఇంకా ఘోరం. 1998 నుంచి 2000 దాకా చైనాలో 2 కోట్ల మందికి పైగా ఉద్యోగాలు పోయాయని ఆయనే చెప్పాడు. వాళ్లలో ఆరుగురిని, వాళ్లు పనిచేసి మూతపడ్డ కొట్లోనే గోడలో కలిపేశాడు. వెనక మావో కాలపు సాంస్కృతిక విప్లవం నాటి నినాదం: మనల్ని ముందుకు నడిపే శక్తి కమ్యూనిస్టు పార్టీయే అని. శక్తి ముందుకు నడిచింది, వీళ్లు గోడ దగ్గరే ఆగిపోయారు.

(మా ఆంధ్రలో పంచాయతీ ఆఫీసులకు పార్టీ రంగులేస్తే 2020లో కోర్టు తీసేయమంది. మనుషులకు పట్టిన రంగు మాత్రం ఎవరూ అడగలేదు.)

నా సలహా, సున్నం కొట్టించుకోండి. కాకపోతే, ఆయన తెల్లరంగు డబ్బా పట్టుకుని వస్తాడేమోనని నా టెన్షన్.

ఇట్లు,
మీ ఎదుట కళ్లు చికిలించుకుని బూటు వెతుకుతున్న ఒకడు