ముద్దాయి చేతిలో తాళంచెవి

సోషల్ మీడియాలో ఏ పుకారు ఎక్కడ పుట్టింది, ఎన్ని గంటల్లో ఎంతమందికి పాకింది అని ఆరా తీయడానికి పరిశోధకులకు ఉన్న దారులు ఒక్కొక్కటే మూసుకుపోతున్నాయి. ట్విటర్ 2023లో ఉచిత డేటాకు మంగళం పాడింది. ఏ పోస్టు ఎంత దూరం పాకిందో చూపే క్రౌడ్‌టాంగిల్ అనే సాధనాన్ని, ఎంతమంది వద్దని మొత్తుకున్నా, ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా 2024 ఆగస్టు 14న మూసేసింది. ఘర్షణలను అధ్యయనం చేసేవారు ఇప్పుడు దరఖాస్తు పట్టుకుని కంపెనీ గుమ్మంలో నిలబడాలి. ఎవరి నిర్వాకాన్ని నిగ్గుతేల్చాలో, వారి అనుమతితోనే తేల్చాలన్నమాట!

మయన్మార్‌ను అప్పుడే మరిచిపోయారా? 2017లో అక్కడి సైన్యం దాడులకు తాళలేక ఏడు లక్షల మందికి పైగా రోహింగ్యా ముస్లింలు బంగ్లాదేశ్‌కు పారిపోయారు. హింసకు తన వేదికను వాడుకోకుండా ఆపడంలో వెనకబడ్డానని మరుసటి ఏడాది ఫేస్‌బుక్కే ఒప్పుకుంది. తీరా, అంతర్జాతీయ న్యాయస్థానంలో మయన్మార్‌పై మారణహోమం కేసు వేసిన ఆఫ్రికా దేశం గాంబియా, ఫేస్‌బుక్ తొలగించిన మయన్మార్ సైనికాధికారుల ఖాతాల వివరాలు కావాలని అమెరికా కోర్టుకెక్కితే అదే సంస్థకు గోప్యత గుర్తొచ్చింది. గోప్యత గురించి ఫేస్‌బుక్ మాట్లాడటమే విడ్డూరమని 2021లో న్యాయాధికారి ఉత్తర్వులోనే రాశారు. ఆ ఉత్తర్వునూ సంస్థ సవాలు చేసింది. పెట్టె ముద్దాయిదే, తాళమూ ముద్దాయిదే.

ఘోరమైన దృశ్యాలను అందరి కళ్లముందూ ఉంచలేమని, వ్యక్తుల సమాచారం పక్కదారి పడుతుందని కంపెనీలు అంటాయి. నిజమే. జనం కంట పడకుండా తీసేయండి. దర్యాప్తు చేసేవారి చేతికి కూడా చిక్కకుండా చేయమని ఎవరన్నారు? నారింజ రంగు దుస్తులు తొడిగి, చేతులు వెనక్కి కట్టి, మోకాళ్లపై కూర్చోబెట్టిన బందీలను కాల్చేస్తున్న లిబియా వీడియో సోషల్ మీడియాలోనే బయటపడింది. అలాంటి వీడియోల ఆధారంగానే అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 2017 ఆగస్టులో లిబియా సాయుధ దళ కమాండర్ మహమూద్ అల్ వెర్ఫల్లీపై వారెంటు ఇచ్చింది. సరిగ్గా అదే నెలలో యూట్యూబ్ యంత్రం సిరియా యుద్ధ వీడియోలను వేల సంఖ్యలో ఊడ్చిపారేసింది. గొడవ చేస్తే కొన్ని తిరిగొచ్చాయి. చిత్రీకరించినవాడే బాంబుదాడిలో పోయి ఉంటే, ఆ వీడియో కోసం గొడవ చేసేదెవరు?

పరిశోధకులకు డేటా ఇవ్వాల్సిందేనని యూరప్ డిజిటల్ సేవల చట్టం అంటోంది. అదీ యూరప్‌కు వాటిల్లే ముప్పుల వరకే. యుద్ధంలో మాడిపోతున్న సూడాన్‌కు ఆ చట్టం ఏం ఒరగబెడుతుంది?

ఈ కంపెనీల పెద్దలను సదస్సుల్లో ముందు వరసలో కూర్చోబెట్టి, శాంతికి సాంకేతికత అంటూ ఉపన్యాసాలు చెప్పించుకునే ప్రభుత్వాలకు, ఐక్యరాజ్యసమితికి సిగ్గుండాలి. శాలువా కప్పేముందు ఆ తాళంచెవి అడగడానికి నోరెందుకు పెగలదు?