రాబియాకి మళ్ళీ పెళ్ళిచూపులు

ఎనిమిదో శతాబ్దంలో ఇరాక్‌లోని బస్రాలో బతికిన సూఫీ భక్తురాలు రాబియాకి మళ్ళీ పెళ్ళిచూపులు జరిగాయి. ఈసారి ఒక ఆధ్యాత్మిక సభలో, మైకు సాక్షిగా. వరుడు యథాప్రకారం ఆ ఊరి పేరున్న మతాచార్యుడు హసన్ బస్రీ. ‘అంతటి హసన్ అడిగినా ఆమె ఒప్పుకోలేదు!’ అని వక్తగారు అనగానే చప్పట్లు. సంబంధం తప్పిపోయినందుకో, అసలు వచ్చినందుకో తెలియలేదు.

పెళ్ళి మాటలంటే ముందు వయసులు చూడాలి కదా. హసన్ పుట్టింది 642లో, పోయింది 728లో. రాబియా పుట్టింది 717 ప్రాంతంలో అంటారు, పోయింది 801లో. అంటే పెద్దాయన కన్నుమూసేనాటికి అమ్మాయికి పదకొండేళ్ళు, కాస్త అటూ ఇటూగా. జాతకాలు కుదరని సంబంధాలు చూశాం. ఇది క్యాలెండరే కుదరని సంబంధం.

ఈ సంబంధానికి పేరుమోసిన పేరయ్య నిషాపూర్ కవి ఫరీదుద్దీన్ అత్తార్. మందులూ సుగంధద్రవ్యాలూ అమ్ముకునే పెద్దమనిషి. వధువు పోయిన నాలుగు వందల ఏళ్ళ తర్వాత కూడా, తను రాసిన సూఫీ సాధువుల కథల పుస్తకంలో పెళ్ళి మాటలు కదిపాడు. అంత ఓపిక మనవైపు పేరయ్యలకు లేదు. ఆయన ఇంకోటి కూడా రాశాడు. రాబియా రానిదే హసన్ ఉపన్యాసం చెప్పేవాడు కాడట. ఒక్క ముసలమ్మ రాకపోతే ఏమైందండీ అని అడిగితే, ఏనుగులకు కాచిన పానకం చీమలకెలా పోసేది అన్నాడట.

ఆ సభ ఒక్కసారి ఊహించుకోండి. ఎనభై దాటిన ఆచార్యుడు గొంతు సవరించుకుని కూర్చున్నాడు. ఊరి పెద్దలంతా చెమటలు తుడుచుకుంటున్నారు. ‘ముసలమ్మ వచ్చిందా?’ ‘ఇంకా లేదండీ, వీధిలో ఆడుకుంటోంది.’ కాసేపటికి ముసలమ్మ పరుగెత్తుకుంటూ వచ్చి, దుమ్ము కాళ్ళతో ఏనుగుల వరసలో చతికిలబడింది. ఉపన్యాసం మొదలు. అది ముగిశాక నీళ్ళ దగ్గర మరో ఘట్టం. ఆయన నీటి మీద చాప పరిచి నమాజుకు రమ్మన్నాడు. ఈ పాప తన చాపను గాల్లోకి విసిరి, ‘మీరు చేసింది చేపలూ చేస్తాయి, నేను చేసింది ఈగలూ చేస్తాయి, అసలు పని ఈ రెండిట్లోనూ లేదు’ అని పెద్దాయనకు బుద్ధి చెప్పింది. చెప్పాక మళ్ళీ ఆటకి వెళ్ళిపోయిందేమో, అత్తార్ ఆ సంగతి రాయలేదు.

ఆమెను పెళ్ళాడతానన్న బస్రా గవర్నర్ ముహమ్మద్ ఇబ్న్ సులైమాన్ కథలో కాలమైనా కుదురుతుంది. పెళ్ళికూతురికి లక్ష దీనార్ల మెహర్, నెలకు పదివేల ఆదాయం. అమెరికా సంబంధాలు కూడా దాని ముందు దిగదుడుపే. నువ్వు నాకు బానిసవైనా, నీకున్నదంతా నాదైనా, దేవుణ్ణి ఒక్క క్షణం మరిచేలా చేసే బేరం నాకొద్దందట.

ఇంతకీ ఆమె చెప్పిందేమిటి? నరకానికి భయపడి నిన్ను కొలిస్తే నన్ను నరకంలోనే కాల్చు, స్వర్గానికి ఆశపడి కొలిస్తే ఆ తలుపు మూసెయ్, నీ కోసమే కొలిస్తే మాత్రం నీ అందాన్ని నాకు దాచకు. నరకాన్ని తలుచుకుని ఏడవడమే భక్తిగా నడుస్తున్న బస్రాలో పుట్టిన మాటగా దీన్ని చెబుతారు. వక్తగారు దీనికి ఒక నిమిషం కేటాయించారు. వెంటనే, కోరికలున్నవాళ్ళు చీటీలు రాసి పెట్టెలో వెయ్యాలని ప్రకటన.

ఇక ఆరు దిర్హాముల సంగతి. అమ్మానాన్నలు పోయి, కరువు వచ్చి, అక్కచెల్లెళ్ళు చెల్లాచెదురైతే, ఒకడు ఆ పిల్లను పట్టుకుని ఆరు దిర్హాములకు అమ్మేశాడని అదే అత్తార్ రాశాడు. మన వక్తలు అక్కడ ఆగరు. రాత్రివేళ యజమాని చూస్తే ఆమె తల మీద గాల్లో దీపం వెలుగుతోంది, అక్కడ ఆగుతారు. గొంతు పెంచుతారు. అది చూసి ఆమెను వదిలిపెట్టాడట, ఎంత మంచివాడో! దీపం వెలగని పిల్లలు ఆ సంతలో ఎందరు అమ్ముడుపోయారని ఒక్కడైనా అడిగాడా? డబ్బిచ్చి మనిషిని కొన్నవాడు ఒక్క రాత్రి భయపడితే పుణ్యాత్ముడు. అమ్ముడుపోయిన పిల్ల మాత్రం మనిషి అనిపించుకోవాలంటే గాల్లో దీపం వెలిగించాలి. చెప్పేవాళ్ళకి లేకపోతే పోయె, చప్పట్లు కొట్టేవాళ్ళకైనా సిగ్గుండాలి.

ముగింపులో ప్రశంస ఉండనే ఉంటుంది: ‘ఆమె ఆడది కాదండీ, మగాడు!’ ఇదీ అత్తార్ సరుకే. మగవాళ్ళ వరసలో ఆమెనెందుకు చేర్చావని ఎవరైనా అడుగుతారేమోనని ముందే జవాబు రాసిపెట్టుకున్నాడు. దేవుడి దారిలో మగవాడిలా నడిచే స్త్రీని స్త్రీ అనకూడదట. పగిలిన కూజా, పాత చాప, తలకింద ఇటుక, మాలిక్ దీనార్ అనే బస్రా సాధువు ఆమె ఇంట్లో చూసిన ఆస్తి అంతే. డబ్బున్న స్నేహితులున్నారు, అడగనా అంటే, వాళ్ళకీ నాకూ పెట్టేవాడు ఒకడే కదా అని పంపేసింది. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోని మనిషి దగ్గర్నుంచి ఆడతనాన్ని కూడా గుంజుకుని, దానికి సన్మానం అని పేరు పెట్టారు. ఎనిమిది వందల ఏళ్ళుగా అదే శాలువా కప్పుతున్నారు.

హసన్ మేడ మీద కూర్చుని ఏడిస్తే, కన్నీళ్ళు తూము గుండా కారి కింద పోయేవాడి మీద పడ్డాయని కూడా అత్తార్ పుస్తకంలోనే ఉంది. ఏడ్చే మగాణ్ణి నమ్మొద్దని మనకొక సామెత. అంత ఏడ్చినా ఆయన్ను ఆడవాళ్ళ వరసలోకి ఎవరూ మార్చలేదు.