ఆ ఫోల్డర్ డిలీట్ చెయ్యకండి

"టాస్క్ మేనేజర్‌లో ఎస్‌క్యూఎల్ సర్వర్ కనిపిస్తే మీ కంప్యూటర్‌ని ఎవడో గమనిస్తున్నట్టే. మెమరీ తినేస్తుంది, మీ లెక్కలు విదేశాలకు పంపుతుంది. వెంటనే ఎండ్ టాస్క్ కొట్టి దాని ఫోల్డర్ డిలీట్ చెయ్యండి." శ్రీకాకుళం వ్యాపారస్తుల గ్రూపుల్లో ఈ మెసేజ్ తిరుగుతూనే ఉంది. మందుల షాపుల వాళ్లు, రైసు మిల్లు గుమస్తాలు, పలాస జీడిపప్పు వ్యాపారులు అందరూ నాకు పంపి "నిజమేనా అన్నా?" అంటున్నారు. కాదు.

గమనించేవాడెవడూ లేడు. మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ లెక్కలు దాచుకోవడానికి తనతో తెచ్చుకున్న డేటాబేస్ అది. విదేశాలకు మీ లెక్కలు పంపడం దాని పని కాదు.

మెమరీ సంగతా? ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఉచితంగా దొరికే ఎక్స్‌ప్రెస్ రకం డేటా కోసం ఉంచుకునేది 1,410 ఎంబీ దాటదు. 4 జీబీ పాత సిస్టమ్‌కి అదీ బరువే, నిజం.

నాకు మండేది డిలీట్ చెయ్యమన్న మాటకి. సర్వీసు నడుస్తున్నంతసేపూ విండోస్ ఆ ఫైళ్లను చెరపనివ్వదు. ఉన్న ఆ ఒక్క అడ్డునీ ముందు ఎండ్ టాస్క్‌తో తీసెయ్యమంటోంది ఈ మెసేజ్! ఎండ్ టాస్క్ ఒక్కటే కొడితే సాధారణంగా ఏమీ కాదు. మళ్లీ మొదలైనప్పుడు లాగ్, అంటే చేసిన మార్పుల చిట్టా, చూసుకుని సగంలో ఆగినవి సరిచేసుకుంటుంది. మీ డేటా ఉండే ఎండీఎఫ్, ఆ లాగ్ ఉండే ఎల్‌డీఎఫ్ ఫైళ్లే పోతే చూసుకోవడానికి ఏముంటుంది? సాఫ్ట్‌వేర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే వచ్చేది ఖాళీ చిట్టాపుస్తకం. బ్యాచ్ నంబర్లు, ఎక్స్‌పైరీ తేదీలు, ఊళ్లోవాళ్ల అరువులు, జీఎస్టీ లెక్కలు ఎవరు తిరిగి రాస్తారు? ఈ మెసేజ్ పుట్టించిన మహానుభావుడు వచ్చి రాస్తాడా?

అసలు భయమే అక్కర్లేదని మాత్రం అనను. 2003 జనవరి 25న స్లామర్ అనే వార్మ్ (తనంతట తానే ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకే వైరస్ లాంటిది) ఇదే ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోని లోపం పట్టుకుని నిమిషాల్లో ప్రపంచమంతా పాకింది. ఎంఎస్‌డీఈ పేరుతో మామూలు డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్లతో కలిసి వచ్చిన డేటాబేస్‌లకూ సోకింది. దాన్ని తయారుచేసిన మైక్రోసాఫ్ట్ ఆ లోపం సరిచేసే ప్యాచ్ 2002 జులైలోనే ఇచ్చింది, చాలామంది వేసుకోలేదు.

కాబట్టి అడగాల్సింది వేరే. షాపులో రెండో సిస్టమ్ కలిపినప్పుడు టెక్నీషియన్ బయటి సిస్టమ్‌లు డేటాబేస్‌లోకి వచ్చే దారి, అంటే పోర్టు, ఏది తెరిచాడు? ఎస్‌ఏ అనే అడ్మిన్ ఖాతాకి 1234 పాస్‌వర్డ్ పెట్టి వెళ్లాడా? అప్‌డేట్లు పడుతున్నాయా? వాడటం మానేసిన సాఫ్ట్‌వేర్ తాలూకు డేటాబేస్ అయితే, ముందు బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లోకి తీసి, తర్వాత కంట్రోల్ ప్యానెల్ నుంచి అన్‌ఇన్‌స్టాల్ చెయ్యండి.