చలికి క్రెడిట్లు ఇవ్వాల్సిందే

విద్యార్థుల మార్పిడి వల్ల సంస్కృతుల మధ్య వంతెనలు కడుతున్నామని విశ్వవిద్యాలయాలు చెప్పుకుంటాయి. కాదనను. యూరప్‌లో ఎరాస్మస్ పథకం మొదలైన 1987 నుంచి కడుతూనే ఉన్నారు. కానీ ఆ వంతెన మీద మంచు పేరుకుంటుందని బ్రోచర్‌లో ఎవరూ రాయరు. అందులో ఫొటోలన్నీ జూన్‌లో తీసినవే: పచ్చిక, పొట్టి చేతుల చొక్కాలు, నవ్వులు. విద్యార్థి దిగేది జనవరిలో.

ఇది మోసమని నేను అనడం లేదు. నా అభ్యంతరం కేవలం విద్యాపరమైనది. యూరప్ పద్ధతిలో ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల శ్రమ. లెక్క వేద్దాం. ఫిన్లాండ్‌లోనో స్వీడన్‌లోనో చదవడానికి వెళ్లిన కుర్రాడు గది దాటాలంటే ముందు థర్మల్స్, వాటి మీద ఉన్ని స్వెట్టర్, ఆ పైన గాలి చొరబడని జాకెట్, మఫ్లర్, టోపీ, బూట్లు, గ్లౌజులు వేసుకోవాలి. అంతా అయ్యాక తాళంచెవి లోపలి జేబులో ఉందని గుర్తొస్తుంది. గ్లౌజులతో జిప్పు రాదు. క్లాసుకి చేరాక అన్నీ విప్పాలి, ఎందుకంటే లోపల హీటర్లు ఉక్కపోయిస్తుంటాయి. రోజుకి ముప్పావు గంట చొప్పున నాలుగు నెలలకి 90 గంటలు. అంటే నికరంగా 3 క్రెడిట్లు. మార్కుల జాబితాలో వీటి ఊసే లేదు!

పైగా ఇది ఒళ్లు వంచాల్సిన సబ్జెక్టు, థియరీతో గట్టెక్కేది కాదు. మంచు గడ్డకట్టిన కాలిబాట మీద పెంగ్విన్‌లా నడవాలి: చిన్న అడుగులు, బరువంతా ముందు కాలి మీద. హుందాగా నడిచినవాడు ఆకాశం చూస్తాడు. రసాయనశాస్త్రం ఫోనే చెబుతుంది. చలికి లిథియం బ్యాటరీలో చర్యలు మందగించి, సగం ఛార్జింగ్ ఉన్న ఫోను సరిగ్గా మ్యాపు చూడబోయే క్షణంలో ఆగిపోతుంది. భౌతికశాస్త్రం కళ్లజోడు చూసుకుంటుంది. తలుపు తీసి లోపలికి అడుగుపెట్టగానే అద్దాల నిండా ఆవిరి పట్టి, కొత్త క్లాసులో అందరికీ నమస్కారం పెడుతూ కోటు స్టాండుకి కూడా పెట్టేస్తాం. లోపలి గాలి మరీ పొడిగా ఉంటుంది కాబట్టి తలుపు పిడి ముట్టుకుంటే చురుక్కుమని షాక్. ఇది విద్యుత్తు మీద ప్రాక్టికల్ క్లాసు, ఫీజు అదనంగా లేదు.

ఖగోళశాస్త్రం మాత్రం కొంచెం బెంగ పుట్టిస్తుంది. డిసెంబరు రెండో సగంలో ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో పగలు ఆరు గంటలు కూడా ఉండదు. నార్వేలోని ట్రోమ్సోలో నవంబరు చివరి నుంచి జనవరి మధ్య దాకా సూర్యుడు అసలు ఉదయించడు. ఉదయం తొమ్మిదింటి క్లాసుకి ‘రాత్రి లేవలేకపోయాను సార్’ అని చెప్పడం అక్కడ అబద్ధం కాదు, కానీ ఒప్పుకోరు.

ఎవరికైనా కష్టం చెప్పుకుందామా అంటే, చెడ్డ వాతావరణం అంటూ ఏదీ లేదు, సరిపోని బట్టలే ఉంటాయని నార్వే వాళ్లు అంటారు. గొప్ప మాటే. సున్నాకి ఇరవై డిగ్రీలు కిందికి పోయినా తప్పు ప్రకృతిది కాదు, మన స్వెట్టర్‌ది. బాధ్యతను ఇంత శుభ్రంగా బాధితుడి మీదకి నెట్టిన విధానపత్రాన్ని ఏ ప్రభుత్వమూ రాయలేదు.

కాబట్టి ‘శీతాకాలం 101’ని తప్పనిసరి కోర్సు చేయాలి. స్థానిక విద్యార్థులకు మినహాయింపు ఇవ్వొచ్చు, వాళ్లు ఉగ్గుపాల నాడే పాసయ్యారు. అధ్యాపకులు ఎక్కడ దొరుకుతారన్న బెంగ అక్కర్లేదు. ఆ ఊళ్లోనే ఏదైనా నర్సరీ బడికి వెళ్లి చూడండి: నాలుగేళ్ల పిల్లలు ఎవరి సాయమూ లేకుండా జాకెట్, బూట్లు, గ్లౌజులు తొడుక్కుని మనకంటే ముందే మంచులో ఉంటారు. వాళ్లలో ఒకరిని విజిటింగ్ ప్రొఫెసర్‌గా పిలిస్తే చాలు. అసిస్టెంటుగా ఆ ప్రొఫెసర్ తమ్ముడైనా పనికొస్తాడు, కాకపోతే మధ్యాహ్నం పూట దొరకడు. ఆ వేళకి అక్కడి అలవాటు ప్రకారం అతన్ని పసిపిల్లల తోపుడు బండిలో దుప్పటి కప్పి, గడ్డకట్టే చలిలో ఆరుబయట నిద్రపుచ్చి ఉంటారు.